ఒక్క పిల్లాడు, మూడు కాగితాలు: పరిశోధకుల ఆటిజం వేరు, డాక్టరు ఆటిజం వేరా?

మా పిన్ని కూతురు వాళ్లు విశాఖలో, ఎంవీపీ కాలనీలో ఉంటారు. వాళ్లబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడి ఫైల్లో మూడు కాగితాలున్నాయి, మూడూ మూడు మాటలు చెబుతాయి. మొదటిది వాడికి నాలుగేళ్లప్పుడు పిల్లల డాక్టరు రాసింది: ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్. రెండోది సదరం సర్టిఫికెట్: ఆటిజం, 40 శాతం. మూడోది పోయినేడాది వచ్చింది. బయటినుంచి వచ్చిన ఒక పరిశోధన బృందం వాణ్ణి ఓ గంటసేపు కూర్చోబెట్టి, ఆడించి, మాట్లాడించి, "మా అధ్యయనం ప్రమాణాలకు సరిపోలేదు" అని ఒక్క ముక్క రాసి పంపించేసింది. ఎందుకు సరిపోలేదో విడమరిచి చెప్పినవాళ్లు లేరు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఒరేయ్, అయితే వీడికి ఆటిజం ఉన్నట్టా లేనట్టా?" వెనకనుంచి బావ గొంతు, "పింఛను తీసేస్తారేమో కనుక్కో." అసలే పింఛన్ల రీవెరిఫికేషన్ టెన్షన్‌లో ఉన్నారు, దానిమీద ఇదొకటి.

ఈ గందరగోళం వాళ్ల ఒక్క ఇంటిది కాదు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో ప్రతి 31 మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం అన్న లెక్క వచ్చినప్పుడు మన టీవీల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ అందరూ ఆ 31 పట్టుకుని గుండెలు బాదుకున్నారు. ఆ లెక్కలో "ఆటిజం ఉంది" అని ఎవరు, దేన్ని చూసి తేల్చారు అని అడిగినవాళ్లు తక్కువ. చిక్కంతా అక్కడే ఉంది.

ఏ మిషనూ చెప్పలేని జబ్బు

జబ్బు అనే మాట కూడా చాలామందికి నచ్చదు, అది వేరే చర్చ. ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే ఆటిజాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. షుగర్‌కైతే ఒక అంకె వస్తుంది, ఇక్కడ మనిషి మనిషిని గమనించి చెప్పాల్సిందే. 1943లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఏం గమనిస్తారు? పరిశోధనల్లో బాగా వాడే పుస్తకం అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ల డీఎస్ఎం, ఏ మానసిక సమస్యకి ఏ లక్షణాలుండాలో చెప్పేది. దాని ఐదో కూర్పు 2013లో వచ్చింది. దాని ప్రకారం రెండు వైపులా తేడా కనపడాలి. ఒకటి, మనుషులతో కలిసే తీరు. ఇందులో మూడు అంశాలు, ఆ మూడింటా తేడా ఉండాలి. రెండోది, చేసిందే చేయడం, పట్టిన పట్టు విడవకపోవడం, చప్పుళ్లూ వెలుతురూ తాకిడీ మరీ ఎక్కువగానో తక్కువగానో అనిపించడం లాంటివి. ఇందులో నాలుగింట రెండైనా ఉండాలి. ఇవన్నీ చిన్నప్పటినుంచీ ఉండాలి, రోజువారీ బతుకులో ఇబ్బంది పెట్టేంతగా ఉండాలి.

వినడానికి తేలికగా ఉంది కదా. ఆర్కే బీచ్‌లో రెండేళ్ల పిల్లను ఊహించుకోండి. దూరంగా హార్బర్ బయట ఓడ నిలబడి ఉంది. పిల్ల వేలు చూపించి "అమ్మా, షిప్!" అంటుంది, అని ఊరుకోదు, వెనక్కి తిరిగి అమ్మ చూస్తోందో లేదో చూస్తుంది, మళ్లీ ఓడవైపు చూస్తుంది. ఆ వెనక్కి తిరిగి చూడడమే కీలకం. ఓడ కావాలని కాదు, ఆ సంతోషం అమ్మతో పంచుకోవాలని. అదే ఓడను ఇంకో పిల్ల పది నిమిషాలు కళ్లార్పకుండా చూస్తుంది, దాని లైట్లు లెక్కపెడుతుంది, పక్కన అమ్మ ఉన్న సంగతే పట్టనట్టు. ఇప్పుడు ఒక్క సాయంత్రం చూసి రెండో పిల్లకి ఆటిజం అనేస్తామా? అనలేం. నిద్ర చాలలేదేమో, వినికిడి లోపమేమో, ఊరికే ఆ పూట మూడ్ అంతేనేమో. ఎన్నిసార్లు, ఎంత తేడాగా, ఎవరితో అన్న తూకం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ తూకం వేసేది మనిషి.

ఒకే పేరు, మూడు ప్రశ్నలు

అక్కకి నేను చెప్పింది ఇదే. ఆ మూడు కాగితాలూ ఒకే ప్రశ్నకి మూడు జవాబులు కావు, మూడు వేరువేరు ప్రశ్నలకి జవాబులు.

డాక్టరు ప్రశ్న, ఈ బిడ్డకి ఏం సాయం కావాలి? కాస్త అనుమానంగా ఉన్నా ఆటిజం అని రాసి స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మొదలుపెట్టిస్తారు. పొరపాటైతే పోయేది తక్కువ, ఆలస్యమైతే పోయేది ఎక్కువ. సదరం బోర్డు ప్రశ్న, చట్టం ప్రకారం ఎంత శాతం? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, చాలా సదుపాయాలకి 40 శాతం గీత. పరిశోధకుల ప్రశ్న ఈ రెండూ కాదు. మా గుంపులో ఉన్న వందమందినీ ఒకే కొలతతో కొలిచామా? ఈ పిల్లాడి సంగతి వాళ్లకి అక్కర్లేదని కాదు, వాళ్లు వేసుకున్న ప్రశ్న గుంపు గురించి.

మా తాతయ్య చెప్పేవాడు, లీటర్లు రాకముందు తవ్వలూ సోలలూ ఉండేవి, ఒక్కో కొట్లో ఒక్కో తవ్వ అని. ఒకే కొట్లో కొనుక్కున్నంత కాలం ఇబ్బంది లేదు. పూర్ణా మార్కెట్ ధరనీ అనకాపల్లి సంత ధరనీ పోల్చాలనుకున్న రోజున వస్తుంది చిక్కు. పరిశోధన అంటే పోల్చడమే. విశాఖలో ఆటిజం ఉన్న పిల్లల మెదడు స్కాన్లనీ బోస్టన్‌లో తీసినవాటినీ పక్కపక్కన పెట్టాలంటే, రెండు చోట్లా తవ్వ ఒకటే అని ముందు తేలాలి.

పన్నెండు చోట్ల పన్నెండు తవ్వలు

ఇది ఉత్త పోలిక కాదు, నిజంగా జరిగింది. 2013కి ముందు ఆటిజం, ఆస్పర్జర్, ఫలానా అని తేల్చని రకం అంటూ వేరువేరు పేర్లుండేవి. పరిశోధకురాలు కేథరిన్ లార్డ్ బృందం అమెరికా, కెనడాల్లోని 12 విశ్వవిద్యాలయ కేంద్రాల్లో రెండు వేల పైచిలుకు పిల్లల వివరాలు చూసి 2012లో ఫలితాలు అచ్చేసింది. అన్ని చోట్లా పేరున్న నిపుణులే, ఒకే పరీక్షలు, ఒకే శిక్షణ. పరీక్షల మార్కులు అన్ని చోట్లా దాదాపు ఒకేలా వచ్చాయి. కానీ చివర్లో ఏ పిల్లాడికి ఏ పేరు పెట్టారన్నది పిల్లాడి లక్షణాలకంటే ఏ కేంద్రానికి వెళ్లాడన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడింది! ఒక చోట ఆస్పర్జర్ అన్న పిల్లాణ్ణి ఇంకో చోట ఆటిజం అంటున్నారన్నమాట. మరుసటి ఏడాది డీఎస్ఎం ఆ పేర్లన్నీ తీసేసి ఒక్క స్పెక్ట్రమ్ కింద కలపడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఏడాస్ గదిలో ఏం జరుగుతుంది

పరిశోధనలో ఎక్కువగా వినిపించే ఆటిజం పరీక్ష పేరు ఏడాస్ (ADOS). 1989లో మొదలై, ఇప్పుడు వాడే రెండో కూర్పు 2012లో వచ్చింది. పరీక్ష అన్నారు కానీ చూస్తే పరీక్షలా ఉండదు. 40 నిమిషాలో గంటో ఆటా మాటా. మాటలు ఎంత వచ్చో దాన్నిబట్టి మాడ్యూల్, అంటే పరీక్షలో ఏ భాగం చేయాలో, ఎంచుకుంటారు. మాటలు తక్కువున్న చిన్నపిల్లలకి సబ్బుబుడగలు, బెలూను, బొమ్మకి పుట్టినరోజు చేయడం. మావాడిలాగా గలగలా మాట్లాడేవాళ్లకి మూడో మాడ్యూల్, అందులో బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పడం, పళ్లెలా తోముకుంటారో చేసి చూపించడం, క్లాసులో ఉన్నవాడికీ ఫ్రెండుకీ తేడా ఏమిటని అడగడం.

జవాబు తప్పా ఒప్పా అన్నది కాదు వాళ్లు చూసేది. చెబుతున్నప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూశాడా, చెయ్యి కదిపాడా, "మరి మీకో?" అని తిరిగి అడిగాడా, ఇవి. ఒక్కో అంశానికి 0 అంటే ఆ తేడా కనపడలేదు, 1 అంటే కొంత, 2 అంటే స్పష్టంగా. 3 వేసినా కూడికలో 2గానే లెక్క. అన్ని అంశాలూ కూడరు, ఎంచినవే కూడతారు. మూడో మాడ్యూల్‌లో మొత్తం 7 వస్తే స్పెక్ట్రమ్, 9 వస్తే ఆటిజం అనే గీత దాటినట్టు.

అక్క పట్టువదలకుండా ఆ బృందాన్ని అడిగి తెలుసుకుంది. మావాడికి వచ్చింది 6.

ఒక్క మార్కు. ఏదో ఒక అంశంలో 0 బదులు 1 పడితే వాడు లోపల ఉండేవాడు. ఆ ఉదయం ఆకలేసి చిరాగ్గా ఉన్నా, ఇన్నేళ్ల స్పీచ్ థెరపీలో "మాట్లాడేటప్పుడు ముఖం చూడాలి నాన్నా" అని వందలసార్లు నేర్పించకపోయినా 7 వచ్చేదేమో. పైగా ఏడాస్ తయారుచేసినవాళ్లే ఈ ఒక్క అంకె మీద డయాగ్నోసిస్ ఇవ్వకూడదనీ, చిన్ననాటి చరిత్ర, ఇతర పరీక్షలు, నిపుణుల అంచనా కలిపి తేల్చాలనీ చెబుతారు. అందుకే మంచి అధ్యయనాల్లో అన్నీ చూశాక అనుభవమున్న నిపుణుడు ఇచ్చే తుది అంచనానే అసలు డయాగ్నోసిస్‌గా తీసుకుంటారు. అయినా పిల్లలు ఎక్కువ, నిపుణులు తక్కువ ఉన్నచోట అంకె చూసి గేటు వేసేయడం జరుగుతూనే ఉంటుంది.

ఏడాస్‌కి జంట ఏడీఐ-ఆర్. ఇది తల్లిదండ్రులతో చేసే ఇంటర్వ్యూ, 93 అంశాలు, రెండు గంటలు తేలిగ్గా పడుతుంది. ఇప్పటి సంగతులతో పాటు నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లాడు ఎలా ఉండేవాడన్నది గుచ్చి గుచ్చి అడుగుతారు. పిల్లాడు పెద్దవాడైపోతే ఇక్కడ జ్ఞాపకం మోసం చేస్తుంది. మన వైపు తల్లులు "హుద్‌హుద్ తుపానప్పటికి వాడు అమ్మా అనేవాడు" అని గుర్తుచేసుకుంటే కనీసం 2014 అక్టోబరు అని ఒక మేకు దొరుకుతుంది. తుపానులు లేని సంవత్సరాల సంగతి ఎవరికి గుర్తు!

తొంభై శాతం ఏకాభిప్రాయం ఎందుకు చాలదు

ఇద్దరు నిపుణులు ఒకే వంద వీడియోలు చూశారనుకుందాం. ఒక్కొక్కరు పదిమందికి ఆటిజం అన్నారు. ఇద్దరూ కలిసి అన్నది ఐదుగురికే, మొదటివారు మాత్రమే అన్నది ఐదుగురికి, రెండోవారు మాత్రమే అన్నది మరో ఐదుగురికి, మిగిలిన 85 మందికి ఇద్దరూ లేదన్నారు. అంటే వందలో 90 చోట్ల ఒకే మాట. భలే ఉంది కదా?

ఆగండి. ఇద్దరూ కళ్లు మూసుకుని, ఇష్టమొచ్చిన పదిమంది పేర్లు చెప్పినా సగటున 82 చోట్ల మాట కలుస్తుంది, ఎందుకంటే ఎక్కువమందికి ఎలాగూ "లేదు" అనే అంటారు. కాబట్టి అదృష్టానికి పైన సంపాదించగలిగింది 18, వీళ్లు సంపాదించింది 8. ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే 0.44. దీన్నే కప్పా అంటారు, కప్ప కాదు. 1 అంటే పూర్తి ఏకాభిప్రాయం, 0 అంటే ఉత్త అదృష్టం. 2013 నాటి డీఎస్ఎం కోసం ముందుగా క్లినిక్కుల్లో పరీక్షించి చూసినప్పుడు ఆటిజానికి కప్పా 0.69 వచ్చింది, మామూలు డిప్రెషన్‌కి 0.28. కాబట్టి ఆటిజం డయాగ్నోసిస్ గాలివాటు వ్యవహారమేమీ కాదు, కాకపోతే రాతిమీద గీత కూడా కాదు. పరిశోధన కోసం ఏడాస్ చేసేవాళ్లకి ప్రత్యేక శిక్షణ ఇచ్చి, శిక్షకులతో కనీసం 80 శాతం అంశాల్లో మార్కులు కలిసేదాకా సాధన చేయించేది అందుకే.

జల్లెడ పట్టడం వేరు

స్క్రీనింగునీ డయాగ్నోసిస్‌నీ కలిపేయడం చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు. చిన్నపిల్లల తల్లిదండ్రులు నింపే ఎం-చాట్ లాంటి 20 ప్రశ్నల పట్టీ జల్లెడ మాత్రమే. ఊహకోసం అంకెలు వేసుకుందాం. ఒక వార్డులో 1000 మంది పిల్లలు, అందులో నిజంగా ఆటిజం ఉన్నవాళ్లు 10 మంది. జల్లెడ ఆ పదిలో 8 మందిని పట్టుకుంటుంది, ఆటిజం లేని 990 మందిలో పదో వంతును, అంటే 99 మందిని, పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 107 మంది, అందులో అసలైనవాళ్లు ఎనిమిదిమంది. ఈ 107ని పట్టుకుని "మా వార్డులో పది శాతం మందికి ఆటిజం" అని ఎవరైనా రాస్తే? ఆన్‌లైన్‌లో నింపే ప్రశ్నపత్రాల మీద నడిచే అధ్యయనాలకి ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

ఇప్పుడు ఆ 31 సంగతి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు ఆ పిల్లలెవరినీ పిలిచి చూడలేదు. 2022లో 16 ప్రాంతాల్లో ఎనిమిదేళ్ల పిల్లల ఆసుపత్రి, స్కూలు రికార్డులు తిరగేసి, అందులో ఆటిజం అని రాసి ఉన్నవాళ్లని లెక్కపెట్టారు. ఒకే దేశం, ఒకే ఏడాది, అయినా టెక్సస్‌లోని లరేడోలో దాదాపు 103 మందికి ఒకరు, కాలిఫోర్నియా కేంద్రంలో 19 మందికి ఒకరు. లరేడో పిల్లలు అంత వేరుగా పుడుతున్నారని ఎవరూ అనరు, పరీక్ష చేసే సదుపాయం, రాసే అలవాటు వేరు.

దక్షిణ కొరియాలో 2011లో వెలువడిన అధ్యయనం దీనికి ఎదురు పద్ధతి. గోయాంగ్ నగరంలోని ఒక ప్రాంతంలో ప్రత్యేక బడుల పిల్లల కుటుంబాలతో పాటు మామూలు బడి పిల్లల కుటుంబాలకీ జల్లెడ పత్రాలు పంపి, అనుమానం వచ్చినవాళ్లకి ఏడాస్, ఏడీఐ-ఆర్ చేస్తే 2.64 శాతం తేలింది. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులమంది మామూలు స్కూళ్లలో, ఎవరికీ తెలియకుండా చదువుకుంటున్నవాళ్లే. పత్రాలు తిప్పి పంపని కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లు కూడా పంపి ఉంటే లెక్క మారేది అని దీనిమీదా విమర్శ వచ్చింది. రికార్డులు చూస్తే రికార్డులకెక్కనివాళ్లు జారిపోతారు, ఇంటింటికీ వెళ్తే తలుపు తీయనివాళ్లు జారిపోతారు.

గేటు బిగించాలా, తెరిచి ఉంచాలా

ఇక్కడ పరిశోధకులే రెండుగా చీలిపోయి ఉన్నారు, రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి.

బిగించాలనేవాళ్లలో ముఖ్యుడు కెనడాకి చెందిన లోరాన్ మోట్రాన్. 2019లో ఆయన కూడా ఉన్న బృందం పాత, కొత్త అధ్యయనాలు పోల్చి చూస్తే, ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య కనపడే తేడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. గుంపులోకి అందరినీ కలిపేస్తున్నాం, సాంబారులో నీళ్లు పోసినట్టు రుచి పల్చబడుతోంది అని వాళ్ల వాదన సారం (సాంబారు నాది). స్పష్టంగా కనపడే ఆటిజంతో మొదలుపెట్టి అర్థం చేసుకుందాం, మిగతావి తర్వాత చూద్దాం అంటారు.

ఎదుటివాళ్ల మాట, ఆ బిగింపులో పోయేది ఎవరో చూడండి అని. 2022లో అమెరికా పరిశోధకులు చూపించినదాని ప్రకారం, ఏడాస్‌ని ఆఖరి గేటుగా పెడితే డాక్టర్లు ఇదివరకే ఆటిజం అని చెప్పిన ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువ నిష్పత్తిలో బయటికి పోతున్నారు. అలా వాళ్లు లేని గుంపుల మీద వచ్చిన జ్ఞానంతోనే మళ్లీ కొత్త పరీక్షలు తయారవుతాయి. ఇంకో వైపు, బ్రిటన్ బృందం ఒకటి 2016లో అచ్చయిన ఆటిజం అధ్యయనాలు తిరగేస్తే, పాల్గొన్నవాళ్లలో 94 శాతం మందికి మేధోవైకల్యం లేదు. మాటలు రాని, స్కానర్‌లో కదలకుండా పడుకోలేని పిల్లలు పరిశోధనలో చాలా తక్కువగా కనిపిస్తున్నారు. సాయం అందరికంటే ఎక్కువ కావలసింది వాళ్లకే కదా.

నా మట్టుకు నాకు, ప్రశ్న ఏమిటో తెలియకుండా గేటు ఎంత ఉండాలో చెప్పలేం అనిపిస్తుంది. నలభై మంది మెదళ్లు స్కాన్ చేసే అధ్యయనానికి బిగువు కావాలి, అంత చిన్న గుంపులో ఐదుగురు తేడాగా ఉన్నా లెక్క తారుమారవుతుంది. జన్యువుల వేటకైతే లక్షమంది కావాలి, లక్షమందికి ఏడాస్ చేయడం అయ్యే పని కాదు. అందుకే 2016లో మొదలైన అమెరికాలోని స్పార్క్ అనే జన్యు పరిశోధన ప్రాజెక్టు, కుటుంబాలు తమకు డాక్టరు ఆటిజం అని చెప్పారంటే ఆ మాటనే తీసుకుంటుంది. కొందరి మెడికల్ రికార్డులు తెప్పించి సరిచూస్తే దాదాపు అందరి విషయంలో ఆ మాట నిజమే అని తేలింది.

మన భాషలో, మన ఇళ్లలో

మనకి సొంత కొలతలు లేకపోలేదు. సదరంలో వాడే ఐసా (ISAA) స్కేలు సికింద్రాబాద్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిందే, 2009 నాటిది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. కాబట్టి ఏ తేడా లేని పిల్లాడికి కూడా 40 వస్తుంది, గరిష్ఠం 200. 70 దగ్గర గీత, అక్కడే 40 శాతం మొదలవుతుంది. ఇంకోటి ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ల ఆటిజం పరీక్ష, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి, తెలుగులోనూ ఉంది. దేశంలో ఐదు చోట్ల ఇంటింటికీ వెళ్లి చేసిన, 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో హైదరాబాద్ ఒక కేంద్రం.

మరి ఇవుండగా పరిశోధకులు ఏడాస్ వెంట ఎందుకు పడతారు? విదేశీ పత్రికల్లో అచ్చవ్వాలంటే, అక్కడి గుంపులతో పోల్చాలంటే అదే తవ్వ కావాలి. అది కొనాలి, శిక్షణకి డబ్బు కట్టాలి, చేసేవాళ్లు పెద్ద ఊళ్లలోనే దొరుకుతారు.

కొలత వచ్చింది సరే, ఇల్లు వేరు. మాస్టారు మాట్లాడుతుంటే తల వంచుకుని వినడం మర్యాద అని పెంచిన పిల్లాడు కళ్లలోకి చూడకపోతే అది లక్షణమా, సంస్కారమా? బొమ్మకి కేకు కోయడం విశాఖలో ఈ రోజుల్లో అందరు పిల్లలకీ తెలుసు, పాడేరు అవతల గూడేల్లో అలా అనుకోలేం. భాష సంగతి మరీ తమాషా. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, నేవీ క్వార్టర్స్ పిల్లలకైతే పక్కింట్లో హిందీ. మావాడు ట్యాబ్ చూసి నేర్చుకున్న ఇంగ్లీషులో గడగడా చెబుతాడు, తెలుగులో తడుముకుంటాడు. మాటల స్థాయిని బట్టి మాడ్యూల్ అన్నారు కదా, ఏ భాషలో స్థాయి? మంచి పరీక్షకులు వీటన్నిటికీ చోటిచ్చి మార్కులు వేస్తారు. అక్కడ మళ్లీ మనిషి తూకమే.

నెల తర్వాత ఆ బృందం నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఆ అంకె తమ అధ్యయనంలో చేర్చుకోవడానికి మాత్రమేననీ, వైద్య అభిప్రాయం కాదనీ, డాక్టరు ఇచ్చిన డయాగ్నోసిస్‌ని అది మార్చదనీ. మొదటి రోజే ఈ రెండు లైన్లూ రాసి ఉంటే ఆ ఇంట్లో నెల రోజుల నిద్ర మిగిలేది. బావ ఆ మెయిల్ ప్రింటు తీయించి మూడో కాగితానికి పిన్ను కొట్టాడు. అక్క పెన్ను తీసుకుని మూడు కాగితాల మూలనా చిన్న అక్షరాలతో రాసుకుంది: మొదటిదాని మీద "థెరపీకి", రెండోదాని మీద "పింఛనుకి", మూడోదాని మీద "వాళ్లకి".